పట్టూ విడుపూ

మధ్యాహ్నం. పరిశోధనా సంస్థ మూడో అంతస్తులో మైక్రోస్కోపు గది. పరిశోధకురాలు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని పని చేసుకుంటోంది. ఆమె తమ్ముడి భార్య చెప్పాపెట్టకుండా వచ్చి నిలబడి ఉంది.

“ముందు కూర్చోవే.”

“ఫర్వాలేదు వదినా, నిలబడే ఉంటాను.”

“ఆ స్టూలు నీకోసమే లాగాను. కూర్చో.”

“కూర్చుంటే కాళ్ళు ఊరుకోవు. ఇవేంటి, ఈ గాజు పలకలు—”

“ముట్టుకోకు! తడిగా ఉన్నాయి. వేలిముద్ర పడిందంటే పొద్దుట్నుంచి చేసిందంతా మళ్ళీ మొదటికొస్తుంది.”

“అయ్యో. ఇదిగో, చేతులు వెనక్కి పెట్టుకున్నాను చూడండి.”

“నీ చేతులు కాదు, నీ మొహం చూస్తున్నాను. ఏమైంది? వాడితో గొడవా?”

“ఆయనతో గొడవ పడాలంటే ఆయన నోరు విప్పాలి కదా.”

“అదీ నిజమే. చిన్నప్పట్నుంచీ అంతే వాడు. సైకిలు మీంచి పడొచ్చి కూడా చెప్పేవాడు కాదు. లాగు మీద రక్తం చూసి మేమే దెబ్బ ఎక్కడో వెతుక్కునేవాళ్ళం.”

“కింద ఆయన నడిపే మీ ఆఫీసు వ్యాను కనపడలేదు. ఆయన లేరా?”

“మందుల ఫ్యాక్టరీకి వెళ్ళాడు. సాయంత్రానికి వచ్చేస్తాడు. ఫోన్ చెయ్యనా?”

“వద్దు! వద్దొదినా. నేనొచ్చానని చెప్పకండి.”

“ఇదేంటి కొత్తగా? నా తమ్ముడికి తెలియకుండా నాతో నీకేం పని?”

“పనేం లేదు. ఊరికే. మీ మందు గురించి అడుగుదామని.”

“ఏ మందు?”

“అదే. మగవాళ్ళు వేసుకునేది. పిల్లలు పుట్టకుండా.”

“ఓహో. ఇన్నేళ్ళుగా ఆ మందు చేస్తున్నాను, మనింట్లో ఒక్కరు కూడా దాని ఊసెత్తలేదు. అమ్మయితే నేనేదో ఎలుకల డాక్టర్ననుకుంటుంది. ఇవాళ నీకెందుకు పుట్టింది బుద్ధి?”

“తెలుసుకోకూడదా?”

“తెలుసుకో. అందుకే అడుగుతున్నా, ఎందుకని.”

“అది వేసుకుంటే లోపల ఏమవుతుంది వదినా?”

“ఇటు రా. ఈ తెర మీద చూడు. ఇది ఎలుక వృషణంలోది. లోపలంతా సన్నటి గొట్టాలుంటాయి, ఒక గొట్టాన్ని అడ్డంగా కోస్తే ఇలా గుండ్రంగా కనపడుతుంది. గోడనానుకుని పొడుగ్గా నిలబడ్డాయే, వాటిని మేం దాది కణాలంటాం.”

“వాటి ఒళ్ళో ఏవో చిన్నవి ఉన్నాయి.”

“అవే బీజకణాలు. గోడ దగ్గర పుడతాయి. అక్కణ్ణుంచి దాదిని పట్టుకుని మెల్లమెల్లగా లోపలికి జరుగుతాయి. ఒక పట్టు వదలడం, ఇంకో పట్టు పట్టడం. దాదే తినిపిస్తుంది, దాదే మోస్తుంది. చివరికి తోక మొలిచి ఈదడానికి సిద్ధమయ్యాక ఇక పో అని అదే వదిలేస్తుంది.”

“చంకనెక్కిన పిల్లల్లా ఉన్నాయి. చేతులు లేవుగా, దేంతో పట్టుకుంటాయి?”

“కణం ఒంటి మీద కొక్కేల్లాంటివి ఉంటాయి. క్యాడ్‌హెరిన్లు, నెక్టిన్లు అని నోరు తిరగని పేర్లులే. దీని కొక్కెం వెళ్ళి దాని కొక్కేనికి తగులుకుంటుంది. ఎలుకైనా, ఏనుగైనా, మనమైనా పాలిచ్చి పెంచే జాతి అంతటికీ ఇదే ఏర్పాటు. ఆ కొక్కేలే లేకపోతే నువ్వూ లేవు, నేనూ లేను.”

“మరి మీ మందేం చేస్తుంది?”

“కొక్కేలని వదులు చేస్తుంది. అంతే. ఏ కణాన్నీ చంపదు. పట్టు తప్పి పిందెలు రాలినట్టు రాలిపోతాయి, పండకముందే.”

“పిందెలు.”

“...తప్పు మాట వచ్చింది. ఏమనుకోకే.”

“ఫర్వాలేదు వదినా. కాన్పులో పాప పోయిన దగ్గర్నుంచీ అందరూ నా ముందు మాటలు ఏరుకుని మాట్లాడుతున్నారు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంటుంది. చెప్పండి. మందు ఆపేస్తే?”

“కొక్కేలు మళ్ళీ వస్తాయి. మూడు నాలుగు నెలల్లో అంతా మామూలే.”

“అందరికీనా?”

“టీ తాగుతావా?”

“అందరికీ వస్తాయా వదినా?”

“ఫ్లాస్కులో ఉంది, ఇప్పుడే తెప్పించాను—”

“మాట మారుస్తున్నారు.”

“రేపు మందు ప్రయోగం కమిటీ ముందు చెప్పాల్సిన మాట ఇవాళ నీకెలా చెప్పనే?”

“ఒక్కరికి రాలేదు. అంతేగా?”

“ఎవరు చెప్పారు నీకు?”

“ఏడో నంబరు.”

“ఒసేయ్, ఆ నంబరు బయటికెలా వచ్చింది? మందు ప్రయోగంలో చేరినవాళ్ళ పేర్లు ఆస్పత్రివాళ్ళు తాళమేసి పెట్టుకుంటారు. నాకే పేరు తెలియదు, ఒట్టి నంబరు తెలుసు.”

“నాకు మనిషి తెలుసు.”

“ఎవరు?”

“మీ తమ్ముడు. వదినా, అదేదో మోగుతోంది.”

“మోగనీ.”

“స్లైడ్లు తియ్యాలేమో. పాడైపోతాయన్నారుగా.”

“పోనీ. ఇంకోసారి చెప్పు.”

“ఏడో నంబరు మీ తమ్ముడు.”

“వాడా? వ్యాను నడిపేవాడు వాడు. మందు పెట్టెలు మోసేవాడు. వాడు ప్రయోగంలో ఎందుకుంటాడు?”

“పాప పోయాక డాక్టర్లు ఏడాది ఆగమన్నారు గుర్తుందా? నా ఒంట్లోంచి అంత రక్తం పోయాక నేను ఏ మాత్రలూ మింగకూడదన్నారు. అప్పుడాయనన్నారు, ‘నువ్వేం మింగొద్దు, నేను మింగుతాను, మా అక్క చేసిన మందుండగా మనకేం భయం’ అని. వెళ్ళి చేరిపోయారు.”

“నాతో ఒక్క మాట—”

“అక్కకి తెలిస్తే వద్దంటుంది, చెప్పకు అన్నారు. నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఇప్పుడది తప్పాను.”

“ఆపి ఎన్నాళ్ళయిందో తెలుసా? మిగతావాళ్ళందరికీ ఎప్పుడో మామూలైపోయింది. వాళ్ళలో ఒకతని భార్యకి నెల తప్పింది కూడా.”

“తెలుసు. అందుకే వచ్చాను. ప్రతిసారీ ఆస్పత్రికి వెళ్ళొచ్చి ‘ఇంకా రాలేదట’ అంటారు. అనేసి టీవీ పెట్టుకుంటారు. నాకు బుర్ర పనిచెయ్యట్లేదు వదినా. ఆయనకి వస్తాయా, రావా? వచ్చేమాటైతే ఎన్నాళ్ళైనా ఆగుతాను. రాకపోతే రావని చెప్పండి, అదీ వింటాను. ఈ ఊగిసలాట నా వల్ల కావట్లేదు.”

“పొద్దుట్నుంచీ నేను చూస్తున్నది వాడి స్లైడా?”

“ఏదీ? ఇదా?”

“చూడకు.”

“చూపించండి.”

“చూడ్డానికేముంది? ఈదేవి ఒక్కటీ లేవు. అన్నీ గుండ్రటి పచ్చి కణాలే. పట్టు దొరక్క రాలిపోయినవి.”

“అంటే ఇక...”

“నా భయం వీటి గురించి కాదే. గోడనంటుకుని వేరు లాంటి మూలకణాలుంటాయి. మిగతావన్నీ వాటిలోంచి పుట్టాల్సిందే. అవి కూడా పట్టు వదిలేశాయేమోనని. అవి పోతే మళ్ళీ రావు. కొత్తగా తయారయ్యేవి కావు, పుట్టకముందే వచ్చి చేరినవి.”

“ఎక్కణ్ణుంచి వచ్చి?”

“పిండం నువ్వుగింజంత ఉన్నప్పుడు దాని బయట, పక్కనుండే సంచి దగ్గర కనపడతాయి. అక్కణ్ణుంచి దారి వెతుక్కుంటూ, దొరికిన కణాన్నల్లా పట్టుకుంటూ, వదులుతూ నడిచొస్తాయి. దారి తప్పినవి చచ్చిపోతాయి. చేరినవే మిగులుతాయి. వాడివి మా అమ్మ కడుపులో అంత దూరం నడిచొచ్చి కుదురుకున్నాయి. నేను వాటిని ఊడగొట్టాను.”

“మీరేం చేశారు? ఆయనే వెళ్ళి చేరారు.”

“చేసిన మందు నాది.”

“రేపు కమిటీకి ఏం చెబుతారు?”

“ఆపేయమని.”

“దేన్ని?”

“అంతా. వాడని తెలియకముందే అనుకున్నాను. ఒక్క మనిషికి తిరిగి రాకపోయినా అది కొన్నాళ్ళపాటు ఆపి ఉంచే మందు కాదు, మనిషిని గొడ్డుని చేసే మందు. అలాంటిదాన్ని ఇంకో వెయ్యిమందికి ఇవ్వమని నా నోటితో నేను చెప్పలేను.”

“మీ జుట్టు ఈ గదిలోనే నెరిసింది వదినా. సంబంధాలొస్తే కూడా ‘ఈ ఎలుకల పని అయ్యాక చూద్దాం’ అనేవారట, అత్తయ్య చెబుతుంటారు.”

“అమ్మ అలాంటివే గుర్తుపెట్టుకుంటుంది. ఆ ఫోనిటివ్వు.”

“ఎవరికి?”

“వాడికి. ఇవాళే మాట్లాడాలి.”

“నేను చెప్పానని తెలుస్తుంది!”

“తెలియనీ. దాచింది చాలు, మీరిద్దరూ. ...హలో. ఎక్కడున్నావురా? సరే, పెట్టెలు దించేశాక తిన్నగా పైకి రా. నా గదికి. ఏం లేదు. రమ్మంటే రా.”

*

సాయంత్రం. అదే గది. వ్యాను తాళాలు వేలికి తగిలించుకుని తిప్పుకుంటూ వచ్చిన తమ్ముడు, లోపల భార్యను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“నువ్వేంటి ఇక్కడ?”

“మీ అక్కని చూద్దామని వచ్చాను.”

“చూశావుగా. పద, దిగబెడతాను. వ్యాను గేటుకి అడ్డంగా పెట్టొచ్చాను.”

“లోపలికి రారా. తలుపెయ్యి.”

“వాచ్‌మన్ అరుస్తాడక్కా, తీసేసి వస్తాను—”

“ఏడో నంబరూ. లోపలికి రా.”

“...చెప్పేశావా నువ్వు?”

“చెప్పేశాను. తిట్టాలనుంటే ఇంటికెళ్ళాక తిట్టండి.”

“ఆ తాళాలు తిప్పడం ఆపు. చెవుల్లో గుచ్చుకుంటోంది. నన్నొక్క మాట అడగాలనిపించలేదురా నీకు?”

“అడిగితే వద్దంటావు.”

“అంటాను! తోడబుట్టినవాణ్ణి తీసుకెళ్ళి ఎలుకని చేస్తానా?”

“ఎలుకలే నయం. వాటికి నువ్వు పేర్లు పెట్టుకుంటావు. నాకు నంబరిచ్చారు.”

“నవ్వించకు. నేను నవ్వేలా లేను. రేపు పొద్దున్నే ఆస్పత్రికి వెళ్తున్నాం. డాక్టరుతో మాట్లాడేశాను. చిన్న ముక్క తీసి చూస్తారు.”

“ఎక్కణ్ణుంచి ముక్క?”

“ఎక్కణ్ణుంచేంటిరా? అక్కణ్ణుంచే.”

“వద్దు.”

“మత్తిస్తారు. నొప్పి తెలియదు.”

“నొప్పి గురించి కాదు. వద్దు.”

“రక్తం కూడా తియ్యాలి.”

“రక్తం ఎందుకు? మందు ఆపాక రక్తం తియ్యలేదు కదా ఎవరికీ.”

“ఆపాక రక్తంలో మందు ఎందుకుంటుందని తియ్యలేదు.”

“అదే నేనూ అంటున్నా. ఇప్పుడెందుకని.”

“అన్నీ చూడాలి కదరా. ఎందుకు రాలేదో తెలియాలంటే—”

“వచ్చేవారం చూద్దాం. ఈ వారం లోడు ఎక్కువుంది.”

“ఏవండీ, చేయించుకోండి. ఒక్క పూట పని.”

“నువ్వుండు.”

“ఎందుకుండాలి? ఇన్నాళ్ళూ ఉన్నానుగా. ఆస్పత్రికి నేనూ వస్తానంటే వద్దంటారు. ఇంకో డాక్టరుకి చూపిద్దామంటే వద్దంటారు. మీ అక్కకి చెబుదామంటే వద్దంటారు. అసలు మీకు బిడ్డ కావాలని ఉందా?”

“ఇప్పుడెందుకు ఆ మాట?”

“ఎప్పుడడిగినా ఇప్పుడెందుకే. పక్కింటి పిల్లని నేనెత్తుకుంటే లేచి బయటికి వెళ్ళిపోతారు. అటకమీంచి ఉయ్యాల దించితే, నేను స్నానం చేసి వచ్చేసరికి మళ్ళీ అటకెక్కించేశారు.”

“దుమ్ముగా ఉందని.”

“తుడవడానికే దించాను.”

“మీరిద్దరూ ఆగండి. ఒరేయ్, నువ్వు రేపు రావాల్సిందే. పొద్దున ముక్క తీస్తారు, పదింటికి నేను కమిటీలో కూర్చోవాలి. ఎలాగూ నేను చెప్పేది మారదనుకో. కానీ నీ విషయం నాకు తెలియాలి.”

“ఏం చెబుతావు కమిటీకి?”

“ఆపేయమని.”

“ఏంటి ఆపేది?”

“మందుని.”

“ఎందుకు! అందరికీ బాగానే వచ్చాయని ఆస్పత్రిలో నర్సులు కూడా చెప్పుకుంటున్నారు కదా?”

“అందరికీ రాలేదు. ఒకడికి రాలేదు.”

“ఒక్కడి కోసం మొత్తం ఆపేస్తారా ఎవరన్నా?”

“ఆ ఒక్కడు నువ్వురా.”

“నేను కాబట్టే చెబుతున్నా. నా సంగతి వదిలెయ్. నాకేం బాధ లేదు, కాగితం మీద రాసిస్తాను.”

“మీకు బాధ లేదా? ఏవండీ, మరి నాకు?”

“అబ్బా, నిన్నని కాదు—”

“నువ్వు కాక ఇంకెవడైనా నా మాట ఇదే. ఒక మగాడికి తిరిగి రాలేదంటే రేపు పదిమందికి రాకపోవచ్చు. ఆ పదిమందీ పదిళ్ళు. మళ్ళీ మొదట్నుంచి చేసుకుంటాను. కుదరకపోతే మానేస్తాను.”

“మానేసి ఏం చేస్తావు? నీకింకేం వచ్చు?”

“ఏదో ఒకటి. పిల్లలకి పాఠాలు చెప్పుకుంటాను.”

“అక్కా, కమిటీని కొన్నాళ్ళాగమను.”

“ఎందుకాగాలి?”

“నాకు వస్తాయి. కాస్త ఆలస్యమవుతోందేమో, అంతే.”

“నీకెలా తెలుసు?”

“తెలుసు.”

“ఇటు తిరుగు. నా మొహం చూసి చెప్పు. నీకెలా తెలుసురా?”

“తెలుసన్నానుగా! అందరికీ వచ్చినట్టే నాకూ వస్తాయి. నువ్వు మాత్రం ఆపేయమని చెప్పకు.”

“చెప్పక తప్పదు. నా మందు మింగి ఒకడి కాపురం—”

“ఎవడి కాపురమూ ఏం కాలేదు! ఆపొద్దక్కా. నేనే ఇంకా ఆపలేదు.”

“ఏంటి ఆపలేదు?”

“ఏం లేదు.”

“ఏవండీ, ఏంటి మీరు ఆపలేదు?”

“మాత్రలు.”

“ఆ మాత్రలా? అవి ఎప్పుడో ఇవ్వడం మానేశారు కదా?”

“ప్రయోగం అయిపోయాక అందరి దగ్గరా మిగిలినవి వెనక్కి తీసుకుంటారు. తగలబెట్టడానికి పంపిస్తారు. పంపించేది నా వ్యానులోనే.”

“వదినా? వదినా, ఏమైంది? నవ్వుతున్నారా?”

“నవ్వడం కాదే. ఉండు. కాస్త ఊపిరి తీసుకోనీ. పట్టు పోలేదన్నమాట. వీడివి ఎక్కడున్నవి అక్కడే ఉండి ఉంటాయి. వీడే పొద్దున్నా సాయంత్రం ఊడగొట్టుకుంటున్నాడు. దొంగ వెధవ! ఇంతకాలం ఈ మందు లోకంలో ఎవడూ మింగలేదురా. నీకేమవుతుందో నాకే తెలియదు! నీ కాలేయం సంగతి తెలుసా, కిడ్నీల సంగతి తెలుసా? ఎలుకలకి కూడా ఇంతకాలం ఇవ్వలేదు నేను!”

“కొట్టు. గట్టిగా కొట్టు.”

“కొడితే నా చెయ్యి నొప్పి. అమ్మాయ్, నువ్వు కూర్చో. ఆ స్టూలు మీద కూర్చో ముందు.”

“కూర్చోను. ఎన్నాళ్ళుగా?”

“మొదట్నుంచీ. ఒక్కరోజు మానలేదు.”

“నెల నెలా నేను బాత్రూంలో కూర్చుని ఏడ్చేదాన్ని. తలుపు కొట్టి మంచినీళ్ళిచ్చేది మీరేగా?”

“ఊఁ.”

“మిగిలిన నీళ్ళతోనేనా మాత్ర మింగేది?”

“ఒక్కోసారి.”

“వదినా, నేను బయటికెళ్ళిపోతాను. లేకపోతే ఆ గాజు పలకలన్నీ విసిరికొడతాను.”

“విసిరికొట్టు. ఇవాళ ఎలాగూ అన్నీ పాడైపోయాయి.”

“వెళ్ళకు. ఒక్క నిమిషం. నీకా రోజు తెలియదు.”

“నాకు తెలియదా? పోయింది నా కడుపులోది!”

“నువ్వు స్పృహలో లేవు. ఆ డాక్టరు బయటికొచ్చింది. రక్తం ఆగట్లేదు, మీవాళ్ళెవరన్నా ఉంటే పిలిపించుకోండి అంది. ఎందుకు పిలవమంటోందో అర్థమైంది. ఫోన్ తీస్తే ఎవరి పేరూ గుర్తు రాలేదు. మా అక్క పేరు కూడా. గోడ పట్టుకుని అలాగే నిలబడ్డాను. వదిలితే పడిపోతాను. ఎవరో వచ్చి నా చెయ్యి తీయబోతే కొట్టానట, తర్వాత చెప్పారు. మళ్ళీ నన్ను ఆ గోడ దగ్గర నిలబెట్టకు. నా వల్ల కాదు.”

“ఈ మాట నాకు చెప్పొచ్చుగా.”

“చెబితే సరేనంటావు. సరేనని నాకు కనపడకుండా ఏడుస్తావు.”

“సరేనంటానని ఎవరు చెప్పారు మీకు? కొట్లాడేదాన్ని.”

“కొట్లాడితే నేను ఓడిపోతాను. నీతో ఎప్పుడు గెలిచాను?”

“అందుకని దొంగతనంగా గెలుస్తారా?”

“...గెలవలేదు.”

“పెద్ద డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఈసారి ముందే చేర్చుకుంటాం, రక్తం సిద్ధంగా పెడతాం, బాగానే జరగొచ్చు అంది. మీరూ విన్నారు.”

“జరగొచ్చు అంది. జరుగుతుంది అనలేదు. అది నువ్వు వినలేదు.”

“విన్నాను. మీకంటే ముందు విన్నాను. ఒళ్ళు నాది కదండీ. నాకు భయం లేదనుకున్నారా? ఆ బల్ల మళ్ళీ ఎక్కేది మీరు కాదు, నేను. నా భయం నేను పడుతుంటే, మీ భయంతో నా తరఫున కూడా నిర్ణయం తీసేసుకున్నారు.”

“తప్పే. ఏం చెయ్యమంటావు చెప్పు.”

“ముందు నేను చెప్పేది విను. ఒరేయ్, ఇదంతా రేపు కమిటీలో చెప్పాలి నేను. ఒక్క ముక్క కూడా దాచను. నీ ఉద్యోగం ఉండదు.”

“తెలుసు. వ్యాను తాళాలు ఇప్పుడే ఇచ్చేస్తాను కావాలంటే.”

“సొంత తమ్ముడే ఏడో నంబరని తెలిశాక నన్ను కూడా పక్కన పెడతారేమో. పెట్టనీ. కానీ ఏడో నంబరు లెక్కలోకి రాడు, మందు ఆపినవాళ్ళందరికీ తిరిగొచ్చాయి అని మాత్రం చెప్పగలను. పొద్దుట్నుంచీ ఆ మాట కోసం ఎంత దేవులాడానో నీకు తెలియదు.”

“అయితే మందు బతికినట్టేనా అక్కా?”

“అది వాళ్ళ చేతిలో ఉంది. అది ఎవరినీ పాడు చెయ్యలేదు, నాకదే చాలు. నువ్వు మాత్రం ఇవాళ్టి నుంచి ఒక్క మాత్ర మింగినా నేను ఊరుకోను. పొద్దున రక్తం ఇవ్వాల్సిందే. బిడ్డ వద్దనుకుంటే వందదారులున్నాయి, ఇద్దరూ కూర్చుని ఏదో ఒకటి తేల్చుకోండి. చాటుమాటు పనులు మానెయ్.”

“ఇటివ్వండి.”

“ఏంటి?”

“మాత్రలు.”

“వ్యానులో ఉన్నాయి.”

“చొక్కా జేబు మీద చెయ్యేసుకుని వ్యానంటారేం? ఇవ్వండి.”

“...ఇదిగో.”

“ఇవాళ్టిది?”

“పొద్దుటిది వేసుకున్నాను. సాయంత్రానిది ఇంకా లేదు.”

“ఎప్పుడు వేసుకుంటారు?”

“ఇంటికొచ్చే ముందు. కింద కుళాయి దగ్గర.”

“మూడో అంతస్తులో మీ అక్క కూర్చుంటే, కింద కుళాయి దగ్గర మీరు. బాగుంది కుటుంబం. వదినా, ఇవి మీ దగ్గర పెట్టుకోండి. తగలబెడతారో కమిటీకి చూపిస్తారో మీ ఇష్టం. ఒక్క సంగతి చెప్పండి. ఆపాక మూడు నాలుగు నెలలు పడుతుందన్నారు కదా?”

“మామూలుగా అంతే. వీడు మింగినదానికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు.”

“మంచిదే.”

“ఏంటి మంచిది? చూడు, నేనింకా బిడ్డకి సరేననలేదు.”

“అనలేదు. నేనూ అనమనలేదు.”

“మరి?”

“ఏడో నంబరు మందు ఆపిన తేదీ ఇవాళ్టిది వేసుకోండి వదినా. అవి మళ్ళీ పట్టు చిక్కించుకునేలోపు మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని కొట్లాడుకోవడానికి కావలసినంత టైముంది.”